పేరు తెలియకపోయినా వెతికిపెట్టే హూగుల్

పద్నాలుగేళ్లుగా జావా రాస్తున్నవాణ్ణి. పోయినేడు హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాక తెలిసింది, కొత్తవాళ్లకి దొరికినంత సాయం నాలాంటివాళ్లకి దొరకదని. డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను, పేరెందుకులెండి. మూడు వారాలు ఇఫ్-ఎల్స్ అంటే ఏమిటో చెప్పారు. నాలుగో వారం ఉన్నట్టుండి మోనాడ్ (లెక్కల అంచెలని గొలుసులా కలిపే హాస్కెల్ పద్ధతి)! మధ్యలో ఏం జరిగిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

నా ఇబ్బంది వేరు. చేయాల్సిన పని తెలుసు, దాన్ని ఇక్కడ ఏమంటారో తెలియదు. కుళాయి వాషర్ అరిగిపోతే పాతది జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్తాం కదా. సైజు మనకి తెలియదు. షాపతను దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బాలోంచి సరిపోయేది తీసిస్తాడు. హూగుల్ అనే సెర్చ్ సైటు అచ్చం అలాంటి షాపు. హాస్కెల్ లైబ్రరీల్లోని ఫంక్షన్లని పేరుతోనే కాదు, టైపుతో, అంటే ఏం తీసుకుని ఏం ఇస్తాయో చెప్పి కూడా వెతకొచ్చు. పైసా ఖర్చు లేదు.

ఒకరోజు ఫైల్లోని లైన్లని అంకెలుగా మార్చి, మారనివాటిని వదిలేయాల్సి వచ్చింది. రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా, ఎనిమిది లైన్లు రాశాను. మా టీమ్ కుర్రాడు చూసి, "అన్నా, దీని టైపు హూగుల్‌లో కొట్టి చూడండి" అన్నాడు. ఇచ్చేవి రెండు: ‘ఎ’ తీసుకుని ‘మేబీ బి’ (‘బి’ ఉండొచ్చు, లేకపోనూవచ్చు) ఇచ్చే ఫంక్షన్, ‘ఎ’ల లిస్టు. రావాల్సింది ‘బి’ల లిస్టు. బాణం గుర్తులు పెట్టి అదే కొట్టాను. మ్యాప్‌మేబీ అని వచ్చింది. ఎనిమిది లైన్లు పోయి ఒక్కటి మిగిలింది. డాక్యుమెంటేషన్ పేజీలోంచి దాని సోర్స్ తెరిచి చూస్తే, లోపల ఉన్నది దాదాపు నేను రాసిన రికర్షనే! ఆ పూట కలిగిన ధైర్యం మూడు వారాల క్లాసుల్లో కలగలేదు.

మోనాడ్ అంటే ఏమిటని అడిగితే మాత్రం హూగుల్ చెప్పదు. టైపులు చదవడం రానివాళ్లకి పెద్దగా ఉపయోగం ఉండదు.

ఏ టైపు కావాలో మనకే తెలియనప్పుడు ఒక చిట్కా ఉంది. కోడ్‌లో ఆ చోట అండర్‌స్కోర్ పెట్టి కంపైల్ చేయండి. అక్కడ ఏ టైపు రావాలో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ ఎర్రర్‌లోనే చెబుతుంది, 2014లో వచ్చిన 7.8 వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. ఆ టైపు తీసుకెళ్లి హూగుల్‌లో పెట్టడమే.

కోర్సు ఫీజు మాత్రం ఇంకా వెనక్కి రాలేదు.