ఎత్తుకునేది ఒకరు, పాడేది ఊరంతా: రెండు సీడీల గురించి

మాది హన్మకొండ. మా వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది మా అమ్మమ్మే. రాగం అందరికీ తెలిసిందే, 'ఉయ్యాలో' అందరూ అంటారు. మాటలు మాత్రం ఏ ఏడుకి ఆ ఏడు మారేవి. ఒక ఏడు బియ్యం ధర, తర్వాత తెలంగాణ ఉద్యమం.

స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ వాళ్ల 'వాయిసెస్ ఆఫ్ ది సివిల్ రైట్స్ మూవ్‌మెంట్' విన్నప్పుడు ఆమే గుర్తొచ్చింది. 1997లో వచ్చిన రెండు సీడీల సెట్ ఇది. అమెరికాలో నల్లజాతీయులు హక్కుల కోసం పోరాడుతూ 1960-66 మధ్య పాడుకున్న 43 పాటలున్నాయి.

మొదటి సీడీ అంటే నాకు ప్రాణం. చాలావరకు జనం గుమిగూడి పాడినవే. ఒకరు ఎత్తుకుంటారు, మిగతా అందరూ వంత అందుకుంటారు. చప్పట్లే తాళం. శ్రుతి కాస్త అటూ ఇటూ పోయినా పాట ఆగదు. మాటలు మొదటిసారికి సరిగా అందవు. రెండు మూడుసార్లు వినండి, మీకే తెలియకుండా వంత పాడుతుంటారు.

వీటిని కూర్చిన బెర్నిస్ జాన్సన్ రీగన్ ఆ పోరాటంలో జైలుకు వెళ్లిన మనిషి. 1961లో జార్జియా రాష్ట్రం ఆల్బనీలో ఊరేగింపు అయ్యాక ఆమెను పాట ఎత్తుకోమన్నారు. అందరికీ వచ్చిన పాత చర్చి పాటే అందుకుంది. తల మీద గాలిలో 'కష్టం' కనిపిస్తోంది అనే చోట 'స్వేచ్ఛ' అని పాడింది. ఒక్క మాట మార్చింది, అంతే. కొత్త పాట నేర్పాల్సిన పని లేదు కాబట్టి అక్కడున్న ఎవరైనా గొంతు కలపగలరు. అదే ఊళ్లో జైలుపాలైన ఇద్దరు అమ్మాయిలు పోలీస్ చీఫ్ ప్రిచెట్‌ని, మేయర్ కెల్లీని పేరు పెట్టి పిలుస్తూ, జైలు గదులు తెరవమని పాట కట్టారు. చేతిలో ఏమీ లేని పిల్లలకు అంత ధైర్యం ఎక్కడిదా అని ఇప్పటికీ అనుకుంటాను.

రెండో సీడీలో బృందాల పాటలు. ఫ్రీడమ్ సింగర్స్ గొంతులు చాలా బాగుంటాయి. ఆ పోరాటంలో ఉన్న విద్యార్థుల సంఘం కోసం ఊరూరా తిరిగి పాడి చందాలు తెచ్చినవాళ్లు. అయినా నా చేయి మొదటి దాని మీదికే పోతుంది.

మొన్న అమ్మమ్మకు ఫోన్లో ఒక పాట వినిపించాను. ఇంగ్లిష్ ముక్క రాదు ఆమెకు. కాసేపు విని, "ఎత్తుకునేది ఆడామెనే గదా బిడ్డా?" అంది.

పాటలు యాప్‌లలోనూ దొరుకుతాయి. కానీ సీడీతో వచ్చే బుక్‌లెట్‌లో రీగన్ రాసిన మాటలున్నాయి. ముందు అవి చదివి వినండి.