పాత పట్టుచీర: పెట్టెలోనా, అద్దాల వెనకా, విశ్వవిద్యాలయంలోనా? ఏది మేలు?

ధర్మవరం, అనంతపురం ఇళ్లలో అమ్మమ్మల నాటి పట్టుచీర బయటపడిందంటే ఇంట్లో తలా ఒక మాట. పాత జరీ కొనేవాడికి ఇచ్చేద్దామంటారు ఒకరు, పెట్టెలోనే ఉండనిమ్మంటారు ఇంకొకరు, మ్యూజియానికి ఇద్దామంటుంది చదువుకుంటున్న మనవరాలు.

మొదటి మాట గురించి ఎక్కువ చెప్పను. అసలు జరీ అంటే పట్టు దారానికి చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. కొన్నవాడు బట్టను కాల్చి వెండి తీసుకుంటాడు. వెండి ఏ అంగట్లోనైనా దొరుకుతుంది, ఆ అంచు మళ్లీ దొరకదు. డబ్బుకు నిజంగా ఇబ్బంది ఉంటే తప్ప ఆ దారి వద్దు.

ఇంటి పెట్టెను తక్కువ చేయలేం. మన పొడి గాలికి బూజు అంత తొందరగా పట్టదు, చీకటి బట్టకు మంచిదే. చీరను తినేవి పురుగు, మడత. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంబడే చిట్లుతుంది, జరీ ఉన్నచోట మరీను. అప్పుడప్పుడూ మడత మార్చి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి దాచే ఓపిక ఉన్న ఇంట్లో చీర క్షేమంగానే ఉంటుంది. (కలరా ఉండలు నేరుగా జరీ మీద పోసేవారి సంగతి వేరు.) ఆ ఓపిక తరువాతి తరానికీ ఉంటుందా అన్నదే నా అనుమానం.

మ్యూజియం అనగానే చాలామంది ఊహించుకునేది అద్దాల వెనక, దీపాల కింద, పక్కన అమ్మమ్మ పేరుతో వేలాడే చీరను. పట్టుకు అంతకంటే చేటు లేదు. వెలుగు చేసే నష్టం కొంచెం కొంచెంగా పేరుకుంటుంది, వెలిసిన రంగు మళ్లీ రాదు. అందుకే మంచి మ్యూజియాలు బట్టల మీద పడే వెలుగును (దాన్ని లక్స్ లెక్కన కొలుస్తారు) 50 లక్స్‌కు మించనివ్వవు, కొన్ని నెలలు చూపించి మళ్లీ ఏళ్ల తరబడి చీకట్లో ఉంచుతాయి. ఏడాది పొడవునా అదే చీరను వేలాడదీస్తామని ఎవరైనా గొప్పగా చెబితే ఇవ్వకండి.

నా ఓటు విశ్వవిద్యాలయ మ్యూజియానికి. అక్కడ బట్ట చూపు కోసం కన్నా చదువు కోసం ఉంటుంది. సొరుగు తెరిచి, భూతద్దం కింద పెట్టి, పడుగు పేకలు లెక్కపెట్టేవారు అక్కడే దొరుకుతారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోని భారత కళా భవన్‌ను చూడండి. రాయ్ కృష్ణదాస్ 1920లో మొదలుపెట్టిన సేకరణ 1950లో ఆ ప్రాంగణానికి చేరింది. సూక్ష్మచిత్రాలతో పాటు బనారసు నేత బట్టలూ అందులో ఉన్నాయి, అదీ ఆ మగ్గాలు ఆడే ఊళ్లోనే. నూలు మిల్లులతో పేరుపడ్డ మాంచెస్టర్‌లో 1889లో పుట్టిన విట్‌వర్త్ గ్యాలరీ 1958లో అక్కడి విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అదీ చిత్రాలతో పాటు బట్టలు కూడబెట్టింది. నేసిన ఊరికి దగ్గరగా ఉండటమే ఈ రెండింటిలో నాకు నచ్చిన సంగతి. ధర్మవరం చీర ఢిల్లీకి వెళ్తే దానికి గౌరవం దక్కవచ్చు. మన నేతన్న బస్సెక్కి వెళ్లి చూడగలిగిన దూరంలో ఉంటే ఆ అంచును గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి, జాకార్డు అట్టలు (మగ్గానికి నమూనా అందించే చిల్లుల అట్టలు) కొట్టించి, మళ్లీ మగ్గం మీద పెట్టగలడు.

లేపాక్షి పైకప్పు చిత్రాల్లో 16వ శతాబ్దపు చీరల అంచులు, బుటాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రంగులు చూస్తాం గానీ ఆ బట్టను చేత్తో పట్టి ఎలా నేశారో తెలుసుకోలేం. చిత్రం కన్నా బట్ట ముందే పోతుంది, కాబట్టి మ్యూజియం గదిలో మొదటి చోటు బట్టకే ఇవ్వాలంటాను.

అయితే విశ్వవిద్యాలయాల జబ్బూ మనకు తెలుసు. ఆసక్తి ఉన్న ఆచార్యుడు పదవీ విరమణ చేశాడంటే గదికి తాళం పడుతుంది. అందుకే ఇచ్చే ముందు అడగండి: చీరకు నమోదు సంఖ్య వేస్తారా? దానపత్రం రాస్తారా? నేతగాళ్లు వచ్చి ఫొటో తీసుకోవచ్చా? మూడోదానికి తటపటాయిస్తే చీరను తిరిగి ఇంటికి తెచ్చుకోండి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడిచే సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో పుస్తకాలు, తాళపత్రాలు పరిశోధకుల చేతికి అందుతున్నాయి. బట్టకూ అలాంటి ఏర్పాటే కావాలి.

ఈ లెక్క నిమ్మలకుంట తోలుబొమ్మకు పూర్తిగా సరిపోదు. వెనక దీపం వెలిగితేనే దానికి ప్రాణం. పాతదాన్ని సొరుగులో దాచి, ఆటకు కొత్తది చేయించుకోవడమే మంచిది. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు ఊరది, చేసే చేతులకు కొరత లేదు.

మొత్తం చీర ఇవ్వడానికి మనసొప్పకపోతే ఇంకో మార్గముంది. ఒళ్లు చిరిగిపోయిన చీరలో అంచు, కొంగు కలిసే మూల బాగుంటే ఆ ముక్క చాలు, నేత చదివేవారికి కావలసింది చాలావరకు అక్కడే ఉంటుంది. దాంతోపాటు ఎవరి పెళ్లికి, ఏ ఊళ్లో, ఎవరి మగ్గం మీద నేయించారో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.