మేకపాల సబ్బు: కొన్నేళ్లుగా చేసి, వాడి చెబుతున్న మాట

మా ఇంట్లో అందరం ఒంటికి రుద్దుకునేది నేను చేసే మేకపాల సబ్బే. ఇక కొన్న సబ్బుకు వెళ్లాలని లేదు. చలికాలంలో మా అత్తయ్యగారి కాళ్ల మీద గోరు తగిలితే తెల్లగా గీత పడేది. ఇప్పుడు ఆ పొడితనం చాలా తగ్గింది. స్నానం చేశాక ఒళ్లు బిగదీసినట్టు ఉండదు.

అలాగని ఇది మందు కాదు. తామర పోతుందని, తెల్లబడతారని చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి. మేకపాలు కలిస్తే సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) చర్మానికి సరిపోతుందన్న మాటా నిజం కాదు. ఏ పాలు పోసినా ఇది పీహెచ్ 9, 10 మధ్య ఉండే క్షార సబ్బే. మెత్తదనం చాలావరకు నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా కొంచెం తగ్గించి నూనె మిగిలేలా చూడటం వల్ల, ఆ మార్పులో పుట్టే గ్లిజరిన్ సబ్బులోనే ఉండిపోవడం వల్ల వస్తుంది. పాల వల్ల నురుగు చిక్కగా, మీగడలా వస్తుంది.

నా కొలత ఇది: కొబ్బరినూనె 400 గ్రాములు, పామాయిల్ 400, ఆముదం 100, నువ్వులనూనె 100. వీటికి కాస్టిక్ సోడా 148 గ్రాములు, పాలు 300 గ్రాములు. సుమారు 5 శాతం నూనె మిగిలేలా వేసిన లెక్క ఇది. నూనె మారిస్తే సోడా కూడా మళ్లీ లెక్క కట్టాల్సిందే. గ్లాసులతో, చెంచాలతో కుదరదు, డిజిటల్ కాటా కావాలి. డ్రైనేజీ కోసం అమ్మే పొడి వద్దు, వాటిలో వేరే రసాయనాలు కలిసి ఉండొచ్చు.

అసలు పని పాల దగ్గరే ఉంది. కాస్టిక్ సోడా తడి తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి పాలలోని చక్కెర మాడి, పాలు ముదురు నారింజ రంగుకు తిరుగుతాయి, ముక్కు పగిలే అమోనియా వాసన వస్తుంది. అందుకని పాలను ముందు రోజే ఐస్ ట్రేలో గడ్డ కట్టించాలి. స్టీలు గిన్నెలో ఆ గడ్డలు వేసి, గిన్నెను ఐసునీళ్లలో పెట్టి, సోడాను చిటికెడు చిటికెడుగా చల్లుతూ కలపాలి. వేడి 35 డిగ్రీలు దాటనివ్వను. పాలు కాస్త చిక్కబడతాయి, కంగారు పడక్కర్లేదు. కరగని పలుకులు మిగిలితే స్టీలు జల్లెడలో వడకట్టి నూనెల్లో పోస్తాను. హ్యాండ్ బ్లెండర్ తిప్పి, పైన గీత నిలిచేంత చిక్కబడ్డాక అచ్చులో పోసి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఇలా చేస్తే రంగు మీగడలాగే ఉంటుంది.

అల్యూమినియం గిన్నె మాత్రం ముట్టుకోవద్దు. సోడా దాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చేతి మీద పడితే వెనిగర్ వెతుక్కోకుండా కుళాయి కింద చాలాసేపు కడగాలి. పిల్లలు బడికి వెళ్లాకే నేను ఈ పని పెట్టుకుంటాను.

కోశాక గాలి తగిలేలా ఆరు వారాలు ఆరబెట్టాలి. నాలుగు వారాలకే వాడొచ్చు గానీ, ఆరు వారాలదే గట్టిగా ఉండి ఎక్కువ రోజులు వస్తుంది. మా ఒంగోలు వానాకాలంలో బిళ్లల మీద చెమట బొట్లలా నీళ్లు పడతాయి, గ్లిజరిన్ తేమను లాగడం వల్ల. దాంతో పాడవదు. పాత నూనె వాసనతో కాషాయ మచ్చలు వస్తే మాత్రం ఆ బిళ్ల పక్కన పెట్టేయడమే. కొత్త నూనెలు వాడితే అది తక్కువ.

పసుపు వేసి పసుపుపచ్చని సబ్బు చేద్దామనుకుంటారు చాలామంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే, ఇక్కడా ఎర్రబడి తర్వాత వెలిసిపోతుంది. నేను శనగపిండి ఒక చెంచా వేసి ఊరుకుంటాను.

ఈ సబ్బుతో ఇబ్బంది ఒకటే, బోరునీళ్లు. నీళ్లు గడుసువైతే నురుగు సగమైపోతుంది, బకెట్ అంచుకు తెల్లటి జిడ్డు పడుతుంది. మున్సిపల్ నీళ్లు వచ్చిన రోజు అదే సబ్బు వేరే సబ్బేమో అనిపిస్తుంది. మీది బాగా ఉప్పునీళ్ల ఊరైతే ముందు ఎవరి దగ్గరైనా ఒక బిళ్ల తీసుకుని వాడి చూడండి, ఆ తర్వాతే కాటా, అచ్చులు కొనండి.

చాలామంది అమ్మమని అడుగుతుంటారు. అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ నియమాల కింద తయారీ లైసెన్సు ఉండాలి. నేను చుట్టాలకు ఇవ్వడం వరకే.