ఎనిమిదేళ్లుగా నమ్ముకున్న జావా స్టాక్ ట్రేస్ ఒక రాత్రి ఖాళీగా వచ్చింది

ఎర్రర్ వస్తే ప్రోగ్రాం ఏయే లైన్ల మీదుగా అక్కడికి చేరిందో చూపే జావా స్టాక్ ట్రేస్‌ని, దాన్ని లాగ్ ఫైల్లోకి రాసే లాగ్‌బ్యాక్ లైబ్రరీని ఎనిమిదేళ్లుగా రోజూ వాడుతున్నాను. ఎవరడిగినా ఒకటే చెప్పేవాణ్ణి: ఎర్రర్ వస్తే కంగారు పడకండి, ట్రేస్‌లో అసలు కారణం చెప్పే చివరి 'కాజ్డ్ బై' లైను పట్టుకోండి, ఏ ఫైల్లో ఎన్నో లైనో అక్కడే ఉంటుంది. జావా 17కి మారాక మరీ మురిసిపోయాను. నల్ పాయింటర్ ఎర్రర్ (విలువే లేని, అంటే నల్ అయిన దాన్ని వాడబోతే వచ్చేది) వస్తే ఏది నల్ అయిందో వాక్యంలా చెప్పేస్తుంది. ఈ సౌకర్యం 14లో వచ్చి, 15 నుంచి దానంతటదే ఆన్‌లో ఉంటోంది. దాని మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ పోలేదు, కానీ నిరుడు జరిగింది చెప్పాలి.

రసీదులు పంపే మా సర్వీసులో క్యూ పేరుకుపోయి, రాత్రి పన్నెండింటికి అలర్ట్ మోగింది. లాగ్ తెరిస్తే వేల సార్లు అదే మాట: జావా డాట్ ల్యాంగ్ డాట్ నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్. కింద, ఎక్కడ జరిగిందో చెప్పే 'ఎట్' లైను ఒక్కటి కూడా లేదు. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు ఎక్సెప్షన్‌ని లాగర్‌కి చివరి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వకుండా, మెసేజ్‌కి అతికించి ఉంటాడనుకుని (అలా చేస్తే ట్రేస్ పడదు) అతణ్ణి నిద్రలేపాను. కోడ్ చూస్తే అంతా సరిగ్గానే రాశాడు. అసలు అలా అతికించినా, 17లో ఏది నల్ అయిందో చెప్పే ఆ వాక్యమైనా కనబడాలి కదా. అదీ లేదు. ఇది నాకు అప్పుడే తట్టి ఉంటే అతణ్ణి లేపేవాణ్ణే కాదు.

మేనేజర్ రీస్టార్ట్ చేసేద్దామన్నారు. చేస్తే ఉన్న ఆధారం కూడా పోతుందని నేనే అడ్డుపడ్డాను. మూడు గంటలు టెన్షన్‌తో కోడ్ అంతా వెతికి, చివరికి ఒప్పుకున్నాను. రీస్టార్ట్ అయిన నిమిషంలోపే పూర్తి ట్రేస్ వచ్చింది! కొందరు కస్టమర్ల ఫోన్ నంబరు నల్, దాని మీద మేము ట్రిమ్ (అటూ ఇటూ ఖాళీలు తీసేసే ఫంక్షన్) పిలుస్తున్నాం. రెండు నిమిషాల పని.

కారణం మర్నాడు చదివాను. ఒకే చోట నల్ పాయింటర్, క్లాస్ కాస్ట్ లాంటి ఎర్రర్లు పదేపదే వస్తుంటే, జావా ప్రోగ్రాంని నడిపే హాట్‌స్పాట్ ఆ మెథడ్‌ని (ఆ కోడ్ ముక్కని) మళ్లీ కంపైల్ చేసి, ముందే తయారుచేసి పెట్టుకున్న ఎక్సెప్షన్‌ని విసురుతుంది. అందులో ట్రేస్ ఉండదు, మెసేజ్ కూడా ఉండదు. వేగం కోసం చేసిన ఏర్పాటు ఇది, 2004 నాటి జావా 5 నుంచీ ఉంది. మా క్యూ ఫెయిలైన రికార్డులనే మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుండటంతో వేల సార్లు అదే దారిలో పడ్డాం. మొదట్లో వచ్చిన పూర్తి ట్రేస్‌లు తొమ్మిది రోజుల కిందటి లాగ్‌లో ఉండేవి. మేం లాగ్‌లు ఏడు రోజులే ఉంచుతాం.

నాకు కోపం ఆ ఏర్పాటు మీద కాదు, అది నోరు విప్పకపోవడం మీద. 'ఇక్కణ్ణుంచి ట్రేస్ ఆపేస్తున్నాను' అని ఒక్క లైను రాస్తే ఆ రాత్రి మూడు గంటలు మిగిలేవి.

ఇప్పుడు మా అన్ని సర్వీసుల్లోనూ ఈ ఏర్పాటుని నడిపే ఆమిట్‌స్టాక్‌ట్రేస్‌ఇన్‌ఫాస్ట్‌త్రో ఆప్షన్‌ని మైనస్ గుర్తుతో ఆపేశాం. దానివల్ల మాకు వేగం తగ్గినట్టు అనిపించలేదు. లాగ్‌లు మాత్రం బాగా ఉబ్బాయి, ఎందుకంటే ప్రతి ఎర్రర్‌కీ అరవై డెబ్భై లైన్లు పడుతున్నాయి. అందుకని ఒక్కో రికార్డుకి ఐదు ప్రయత్నాలతో ఆపేలా మార్చాం. మాది చిన్న లోడ్. సెకనుకి వేల ఎక్సెప్షన్లు వచ్చే చోట ఇదే పని చేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. అలాంటి వాళ్లు ఆప్షన్ జోలికి పోకుండా, లాగ్‌లు ఇంకొన్నాళ్లు దాచుకున్నా సరిపోవచ్చు. మేం ఇప్పుడు ముప్పై రోజులు ఉంచుతున్నాం. ఆ కుర్రాడికి మర్నాడు పొద్దున్నే సారీ చెప్పాను.