ద్రవ జీవామృతమా, ఘన జీవామృతమా?

పెరట్లోనో అరెకరంలోనో ఇంటి తిండి పండించుకునే కుటుంబాలకు తరచూ వచ్చే సందేహమిది. జీవామృతం అంటే ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టే సహజ ఎరువు. నీళ్లలో కలిపి చేస్తే ద్రవం, ఆరబెట్టి చేస్తే ఘనం.

ఖర్చు: ద్రవానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, కొంత ఆవు మూత్రం; బెల్లం, పప్పుల పిండి చెరో 2 కిలోలు, గుప్పెడు గట్టు మట్టి. ఘనానికి పేడే 100 కిలోలు కావాలి.

శ్రమ: ద్రవాన్ని నీడలో ఉంచి రెండు రోజులు కలుపుతుండాలి. అసలు కష్టం నీళ్లు మోయడం. బోరు లేని ఇంట్లో ఆ బరువు ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

రిస్క్: ద్రవం వారంలోగా వాడేయాలి. ఘనం బాగా ఆరితే నెలల తరబడి నిలవుంటుంది.

వర్షాధార నేలైతే దుక్కిలో ఘనం చల్లండి. కాలవ నీళ్లుంటే ద్రవం పారించండి. సొంత ఆవు లేనివాళ్లకు నా సలహా ద్రవమే: 20 లీటర్ల బకెట్‌కు కిలో పేడ చాలు, పక్కింట్లో అడిగినా ఇస్తారు.