మూత మూసిన ల్యాప్‌టాప్‌తో నాలుగేళ్ళు

నాన్నగారి కళ్ళజోడు జారి కింద పడకపోయి ఉంటే పాత ల్యాప్‌టాప్‌ని ఇంట్లో సర్వర్‌గా నడపడం గురించి నేను రాసే ఇది మొత్తం పొగడ్తగానే ఉండేది.

విజయవాడలో మా ఇంటి హాల్లో, టీవీ పక్క అరలో నా పాత ల్యాప్‌టాప్ నాలుగేళ్ళుగా మూత మూసుకుని నడుస్తోంది. నేనుండేది హైదరాబాద్‌లో. ఉబుంటు సర్వర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ రాత్రిపూట దాంట్లోకి చేరేలా పెట్టాను. డాలస్‌లో ఉన్న అక్క కూడా వాటిని అక్కడి నుంచే చూస్తుంది.

మూత మూసినా నిద్రపోకుండా ఎలా ఉంచాలో ఇలా వాడేవాళ్ళందరికీ ఈపాటికి తెలుసు. మూత మూస్తే ఏం చేయాలో చెప్పే లాగిన్‌డి డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో 'హ్యాండిల్ లిడ్ స్విచ్' ఎదురుగా 'ఇగ్నోర్' అని రాయడమే. కాకపోతే ఆ ఫైల్లోనే నేరుగా రాయకండి. ఓసారి వెర్షన్ అప్‌గ్రేడ్ చేస్తుంటే "పాత ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా" అని అడిగింది. నిద్రమత్తులో కొత్తది అన్నాను. నా లైను పోయింది, రీస్టార్ట్ అవగానే మూత మూసి ఉందని అది హాయిగా పడుకుంది. పొద్దున్నే నాన్నగారికి ఫోన్ చేసి మూత తీయించాల్సి వచ్చింది. ఇప్పుడు అదే లైను పక్కనున్న లాగిన్‌డి డాట్ కాన్ఫ్ డాట్ డి ఫోల్డర్లో వేరే చిన్న ఫైలుగా ఉంది. అప్‌గ్రేడ్లు దాని జోలికి రావు.

దీని మీద నాకు ప్రేమ పుట్టిందల్లా కరెంటు వల్ల. ఇదే పని అంతకుముందు ఒక డెస్క్‌టాప్ చేసేది. కరెంటు ఒక్క క్షణం అలా పోయి ఇలా వచ్చినా అది రీస్టార్ట్ అయ్యేది, ఒక్కోసారి అదీ లేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కొందామంటే "ఇప్పుడు కరెంటెక్కడ పోతోందిరా?" అంటారు నాన్న. ల్యాప్‌టాప్‌కి ఆ గొడవే లేదు, దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. మీటరు పెట్టి చూస్తే ఖాళీగా ఉన్నప్పుడు లాగేది 10 వాట్లు, అంటే నెలకి ఏడు యూనిట్లు.

మొదటి వేసవిలో ఒక రాత్రి ఈదురుగాలికి కరెంటు పోయింది. నాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, ఇల్లంతా చీకటి. నీ డబ్బా మూత సందులోంచి మాత్రం సన్నగా వెలుతురొస్తోంది, ఉండొచ్చా?" ముందు గర్వంగా అనిపించింది. చూశారా, ఆగలేదు అన్నాను. ఫోన్ పెట్టేశాక బుర్రలో వెలిగింది. మూత మూయడం పట్టించుకోవద్దని చెప్పాను కదా, అది తెరని ఆర్పడం కూడా మానేసింది. అంటే అన్ని నెలలుగా తెర లోపల వెలుగుతూనే ఉంది, ఆ వేడంతా కీబోర్డుకీ తెరకీ మధ్యే. సిస్టమ్‌ని మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రాం సెట్టింగుల్లో 'కన్సోల్‌బ్లాంక్' 60 అని పెడితే నిమిషానికి ఆరిపోతుంది. పట్టపగలు ఎవరికీ కనిపించని విషయం, కరెంటు పోబట్టి తెలిసింది.

గర్వం గురించి ఇంకో మాట చెప్పాలి. ఆ రాత్రి ల్యాప్‌టాప్ రెండు గంటల పైన బతికే ఉంది కానీ రౌటర్ పోయింది. దాంతో హైదరాబాద్ నుంచి నాకది అందనేలేదు. తర్వాత రౌటర్‌కి 12 వోల్టుల బుల్లి యూపీఎస్ ఒకటి కొన్నాను. కాబట్టి యూపీఎస్ ఖర్చు లేదని నేను నలుగురి దగ్గరా చెప్పుకున్న మాటని కాస్త తగ్గించి వినండి.

ఇక కళ్ళజోడు సంగతి. మూత మూసి కదలకుండా పడి ఉన్న వస్తువు మన ఇళ్ళల్లో ఎన్నాళ్ళు వస్తువుగా ఉంటుంది? బల్ల అయిపోతుంది. దాని మీద పేపరు, కరెంటు బిల్లు, పడుకునే ముందు నాన్నగారి కళ్ళజోడు. మూడో వేసవిలో అది రెండుసార్లు జారి పడింది. రెండోసారి అద్దం బీటలేసింది. "నీ డబ్బా వంగిందిరా" అన్నారు ఫోన్లో. డబ్బా ఎందుకు వంగుతుంది, కింద ఏదో ఇరుక్కుని ఉంటుంది అన్నాను. ఆదివారం ఇంటికెళ్ళి చూస్తే అరలో అది ఊయల్లా ఊగుతోంది. మూత తీశాను. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచింది, నొక్కితే దిగట్లేదు. బ్యాటరీ పూరీలా పొంగింది.

అడాప్టర్ తీసేసి, ఇంకెక్కడా నొక్కకుండా గవర్నరుపేటలో రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అట్ట విప్పి, బ్యాటరీని మెల్లిగా బయటికి తీసి, "రోజూ మూత తీసి వాడుంటే ఇంతదాకా వచ్చేది కాదండీ, టచ్‌ప్యాడ్ మొరాయించినప్పుడే తెలిసేది" అన్నాడు. ఆ మాట చాలా రోజులు గుచ్చింది. ఏళ్ళ తరబడి 100 శాతం చార్జింగ్‌తో, ఆ వేడిలో ఉంచితే లిథియం బ్యాటరీ పొంగుతుందని నాకూ తెలుసు. నేను హైదరాబాద్‌లో కూర్చుని చూస్తున్న చార్జింగ్ అంకె మాత్రం ఎప్పుడూ 100 అనే చూపించేది, పొంగిన సంగతి అది చెప్పదు. పైగా 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ బయోస్‌లోనే, అంటే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల్లోనే ఉంది. నేనే ఎప్పుడూ తెరిచి చూడలేదు. తయారీ కంపెనీని తిట్టడానికి లేదు.

కొత్త బ్యాటరీ వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. అన్నాళ్ళూ ఉట్టి అడాప్టర్ మీద నడిపాను. మూడుసార్లు కరెంటు మిణుకుమంది, మూడుసార్లూ రీస్టార్ట్. మూడోసారి ఫోటోల డేటాబేస్ చెడిపోయి, బ్యాకప్ లోంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. అంత తిట్టుకున్న బ్యాటరీ కోసమే మళ్ళీ ఎదురుచూశాను.

ఇప్పుడు 80 దాటనివ్వను. అరలో అడ్డంగా కాకుండా పుస్తకంలా నిలబెట్టాలని చూశాను, గాలి తగులుతుందని. అమ్మ తుడిచేటప్పుడు మళ్ళీ పడుకోబెట్టేస్తుంది. నెలకోసారి నాన్న మూత తీసి, టచ్‌ప్యాడ్ నొక్కి, టక్కుమందో లేదో చెబుతారు.

ఇదంతా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి కుదురుతోంది. తాళం వేసి ఊళ్ళు తిరిగేవాళ్ళయితే బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌ని ఇలా వదిలెయ్యమని నేను చెప్పను. రోజూ బ్యాగులో వేసుకుని తిరిగే ల్యాప్‌టాప్‌కైతే మూత మూసినా పడుకోనివ్వని ఈ సెట్టింగ్ అసలు వద్దు, మూత మూశాం కదా అని బ్యాగులో పెట్టేస్తే లోపల ఉడికిపోతుంది. నా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నేనూ పెట్టుకోలేదు. మా ఇంటికి, మా కరెంటుకి, మా నాన్నకి మాత్రం ఇది సరిపోయింది.

కొత్త అద్దాల కళ్ళజోడు కూడా ఆయన దాని మీదే పెడుతున్నారు. వద్దంటే, "జారితేనే కదరా నీకు తెలిసేది" అంటారు.