డ్యాక్ మీద ఆ చిన్న డిస్‌ప్లే ఉండబట్టే సరిపోయింది

ఈ డ్యాక్ (డిజిటల్ పాటని ఆంప్లిఫయర్‌కి కావాల్సిన అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) సౌండ్ గురించి, లోపలున్న చిప్ గురించి, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్స్ గురించి అందరూ రాసేశారు, నేను మళ్లీ అదే రాయను. ఇన్నేళ్లు వాడాక నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది ముందువైపున్న బుల్లి డిస్‌ప్లే. లోపలికొస్తున్న సిగ్నల్ శాంపిల్ రేట్ (సౌండ్‌ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలిచారన్నది, కిలోహెర్ట్జ్‌లో) 44.1 ఆ, 96 ఆ, 192 ఆ అనేది చూపిస్తుంది, లాక్ పోతే, అంటే ఆ సిగ్నల్ మీద డ్యాక్ పట్టు తప్పితే, అంకె పోయి గీతలొస్తాయి, అంతకుమించి ఏం చెయ్యదు. కానీ ఈ రేంజ్ డ్యాకుల్లో చాలావాటికి ఉత్త లైట్ ఒకటి పెట్టి వదిలేస్తారు చూడండి, అది నాకు అస్సలు మింగుడుపడదు.

స్ట్రీమర్‌ని (నెట్ నుంచి పాటలు తెచ్చిచ్చే పెట్టె) మొదట ఆప్టికల్‌తో, అంటే కాంతితో సిగ్నల్ పంపే కేబుల్‌తో కలిపాను, చాన్నాళ్లు ఏ గొడవా లేదు. 192 కిలోహెర్ట్జ్ ఆల్బమ్స్ వినడం మొదలెట్టాక సౌండ్ తెగడం మొదలైంది. పూర్తిగా పోదు, పాట మంచి పట్టులో ఉండగా డ్యాక్ లోపల రిలే (సౌండ్‌ని ఆపి వదిలే స్విచ్) టిక్‌మంటుంది, ఒక్క క్షణం ఏమీ వినపడదు, మళ్లీ టిక్, మళ్లీ పాట. ప్రాణం ఉసూరుమనేది. ఇలాంటప్పుడు ఎవరికైనా అనుమానం ముందు ఆంప్ మీదకి పోతుంది, తర్వాత వైఫై, తర్వాత ఫైల్, ఒక్కోటీ మార్చుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తేలేను. డిస్‌ప్లే చూస్తే టిక్‌మన్న ప్రతిసారీ 192 పోయి గీతలొస్తున్నాయి, అంటే తేడా డ్యాక్‌లోకి వచ్చే దారిలోనే ఉంది, ఆంప్‌కీ స్పీకర్లకీ సంబంధం లేదు. వైఫై కూడా కాదు, ఎందుకంటే నెట్ ఆగినప్పుడు నా స్ట్రీమర్ ఖాళీ సిగ్నల్ పంపుతూనే ఉంటుంది, పాట ఆగినా అంకె కదలదు. పైగా 44.1, 96 ఫైల్స్‌కి ఒక్కసారీ తెగలేదు.

ఆప్టికల్‌లోనూ కోయాక్సియల్‌లోనూ (ఇది రాగి వైరు) పోయేది ఒకే ఎస్‌పీడీఐఎఫ్ అనే డిజిటల్ ఆడియో సిగ్నల్, క్లాక్ కోసం, అంటే ఏ బిట్ ఎప్పుడన్న తాళం కోసం విడిగా వైరుండదు, వస్తున్న బిట్లలోంచే డ్యాక్ క్లాక్‌ని లాక్కోవాలి. 44.1 దగ్గర సెకనుకి 28 లక్షల బిట్లొస్తాయి, 192 దగ్గర కోటీ 22 లక్షల పైనే. ఆప్టికల్ సాకెట్లలో ఎర్ర కాంతి పంపే పార్టు, అందుకునే పార్టు చాలా పరికరాల్లో 96 దాకా హాయిగా లాగుతాయి, 192 దగ్గర అదృష్టం మీద నడుస్తాయి. నా కేబుల్ రాక్ వెనక గోడకి నొక్కుకుని మడత పడి ఉంది, లోపలుండేది ప్లాస్టిక్ ఫైబర్ కదా, మడత దగ్గర కాంతి తగ్గిపోతుంది. మడత తీసి నున్నగా వంపు తిప్పితే తెగడం తగ్గింది కానీ పోలేదు, పొట్టి కేబుల్ వేస్తే ఇంకాస్త తగ్గింది. చివరికి 75 ఓమ్స్ కోయాక్సియల్ కేబుల్ వేశాను, ఆ రోజు నుంచి 192 కదిలితే ఒట్టు. దీనికి ఖరీదైన కేబుల్ అక్కర్లేదు, కాకపోతే 75 ఓమ్స్ అని ఉన్నదే తీసుకోండి, మామూలు అనలాగ్ ఆర్‌సీఏ వైరు 44.1కి పనిచేసినంత మాత్రాన 192కి పనిచేస్తుందని గ్యారంటీ లేదు.

యూఎస్‌బీ ఇన్‌పుట్ గురించి కొత్తలో అడిగిన ప్రతివాళ్లకీ ఇదే బెస్ట్ అని చెప్పాను. క్లాక్ విషయంలో అది ఇప్పటికీ నిజమే, అసింక్రనస్ కాబట్టి కంప్యూటర్ క్లాక్ ఎలా ఉన్నా డ్యాక్ తన క్లాక్ ప్రకారమే డేటా అడిగి తీసుకుంటుంది. కానీ యూఎస్‌బీ వైరులో డేటాతో పాటు గ్రౌండ్ (కంప్యూటర్ ఎర్త్‌తో కలిసే వైరు) కూడా వస్తుంది. నా డెస్క్‌టాప్‌కి మూడు పిన్నుల ప్లగ్, ఆంప్‌కీ మూడు పిన్నులే, రెండిటి ఎర్త్‌లూ డ్యాక్ ద్వారా కూడా కలిసేసరికి సన్నగా హమ్ (గుయ్‌మనే మోత) మొదలైంది, మౌస్ కదిపితే కీచుమనే శబ్దం కూడా. డిస్‌ప్లేలో లాక్ చక్కగా ఉంది, అంకె సరిగ్గానే ఉంది, అంటే ఇలాంటి గోల విషయంలో ఆ డిస్‌ప్లే ఏం సాయం చెయ్యదు. యూఎస్‌బీ పీకేస్తే హమ్ పోయింది, దాంతో తేలిపోయింది. ఇప్పుడు డెస్క్‌టాప్‌ని ఆప్టికల్‌కి మార్చాను, కాంతిలో గ్రౌండ్ రాదు కదా, అందులో నేను వినేవి 96 దాటవు కాబట్టి సరిపోతుంది. దయచేసి ఎవరూ హమ్ పోతుందని ప్లగ్‌కున్న ఎర్త్ పిన్ను తీసేయొద్దు, షాక్ కొట్టకుండా కాపాడేది అదే.

ఆ డెస్క్‌టాప్ దగ్గరే డిస్‌ప్లే ఇంకోటి బయటపెట్టింది. సీడీ నుంచి రిప్ చేసిన పాట పెట్టినా 48 అనే చూపిస్తోంది, 96 పెట్టినా 48 ఏ. విండోస్ షేర్డ్ మోడ్‌లో అన్నిటినీ సెట్టింగ్స్‌లో ఉన్న ఒకే రేట్‌కి మార్చేసి పంపుతుంది. ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ (విండోస్ మధ్యలో రేట్ మార్చకుండా నేరుగా పంపే మోడ్) పెట్టగానే సీడీ రిప్‌కి 44.1 వచ్చింది. చెవితో నేను కనిపెట్టగలిగేవాణ్ణా అంటే చెప్పలేను, కానీ ఇంత డబ్బు పోసి కొన్న సిస్టమ్‌లోకి ఫైల్ ఉన్నదున్నట్టు వస్తోందని కళ్లతో చూడటం నాకు చాలా పెద్ద విషయం. బిట్ డెప్త్ (ఒక్కో శాంపిల్‌కి ఎన్ని బిట్లన్నది) మాత్రం చూపించదు. టీవీ కలిపితే డాల్బీ బిట్‌స్ట్రీమ్ (ఈ డ్యాక్ విప్పలేని కుదించిన సౌండ్) వస్తున్నా 48 అని హాయిగా చూపించి సౌండ్ ఇవ్వదు, టీవీలో ఆడియో అవుట్‌పుట్‌ని పీసీఎమ్‌కి (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) మార్చాల్సి వచ్చింది.

కొనాలా అంటే, నాలాగా స్ట్రీమర్, కంప్యూటర్, టీవీ మూడూ ఒకే డ్యాక్‌కి కట్టేవాళ్లకైతే ఆ డిస్‌ప్లే కోసమే కొనొచ్చంటాను. స్ట్రీమర్, డ్యాక్, ఆంప్ ఒకే బాక్సులో ఉన్నవాళ్లకి దీంతో పెద్దగా పనుండదు. ఒక అసంతృప్తి మిగిలింది, 44.1 పాట తర్వాత 96 పాటొస్తే కొత్త రేట్‌కి లాక్ అయ్యేలోపు మొదటి అక్షరం మింగేస్తుంది. ఒకే ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా వినే నాకు అది అరుదే, రకరకాల పాటలు షఫుల్‌లో వినేవాళ్లయితే కొనేముందు ఇది ఒకసారి పెట్టి చూసుకోండి.